దూరవిద్య పీజీ మధ్యలో మానేయకుండా ఏం చేయాలి?

ఒంగోలులో ఒక దూరవిద్య కేంద్రంలో ఎం.కాం. వారికి ఆదివారం తరగతులు చెబుతున్నాను. చేరినప్పుడు గది నిండుతుంది. అసైన్‌మెంట్ల గడువు వచ్చేసరికి ముందు బెంచీలే మిగులుతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో లెక్కలు రాసేవారు, చంటిపిల్లల తల్లులే ఎక్కువ. ఆసక్తి లేదంటే నేను ఒప్పుకోను. మొన్న ఒకావిడ పోస్టులో వచ్చిన పుస్తకాల కట్టను తాడైనా విప్పకుండా తెచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదట! ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అయితే రెండేళ్ల పీజీకి నాలుగేళ్ల దాకా గడువు ఉంటుంది. ఆ వెసులుబాటే వాయిదాలకు దారితీస్తుందేమోనని నా అనుమానం. వాట్సాప్ గ్రూపు పెడితే పండుగ శుభాకాంక్షలతో నిండిపోయింది.

ఇలాంటివారిని రెండో ఏడాది ఫీజు కట్టేదాకా నిలబెట్టిన అధ్యాపకులు ఉన్నారా? అప్పుడప్పుడు ఫోను చేస్తే చాలా, ఊరివారీగా జట్లు కట్టించాలా? ముఖ్యంగా, మొదటి అసైన్‌మెంట్ ఎలా రాయించారో చెప్పండి.