అమీన్‌పూర్ చెరువులో చూసిన ఈ పిట్ట సిట్రిన్ వాగ్‌టైలేనా?

నిన్న పొద్దున్నే హైదరాబాద్ దగ్గరున్న అమీన్‌పూర్ చెరువుకి వెళ్లాను, కట్ట మీద కుక్కల గోల తప్పించుకుని నీటి అంచు దాకా దిగితే గుర్రపుడెక్క ఆకుల మీద తోక ఆడిస్తూ పురుగులు ఏరుకుంటున్న ఒక వాగ్‌టైల్ కనిపించింది. వీపు బూడిద రంగు, రెక్క మీద రెండు వెడల్పాటి తెల్ల చారలు, చెంప చుట్టూ లేత పసుపు అంచు పూర్తిగా తిరిగి ఉంది. దీన్ని పోలిన ఇంకో రకం, ఎల్లో వాగ్‌టైల్ అయితే వీపులో కాస్త ఆకుపచ్చ ఛాయ ఉండాలి కదా, అందుకే సిట్రిన్ అనుకుంటున్నా. మా బావ మాత్రం మామూలు పిట్టే అని కొట్టిపారేశాడు (ఆయనకి కొంగలన్నీ ఒకటే లెండి). ఫోటో తీసేలోపు లేచిపోయింది. చలికాలంలో సిట్రిన్, ఎల్లో వాగ్‌టైల్ రెండిటినీ మీరెలా గుర్తుపడతారు? హిమాయత్‌సాగర్ వైపు ఈ అక్టోబర్‌లో ఎవరికైనా కనిపించిందా?