ఊరి మందుల తోటలో కషాయం పోయొచ్చా, మొక్కల వరకే ఉండాలా?

వెలిగొండ_గాలి (చర్చ మొదలుపెట్టింది నేనే): మాది రాపూరు వైపు కొండ కింద ఊరు. పోయినేడు వానల ముందు పంచాయతీని అడిగి చెరువుకట్ట పక్కన పది సెంట్లలో మందు మొక్కల తోట వేశాం. తిప్పతీగ, నేలవేము, నేలఉసిరి, సరస్వతి ఆకు, వావిలి, అడ్డసరం, నల్లేరు, పొడపత్రి. 22 మందిమి తలా ఐదొందలు వేసుకుని, మేమే ముళ్లకంప కొట్టుకొచ్చి కంచె కట్టాం. ఇప్పుడు ఆదివారం పొద్దున ఒక డేగిసా నేలవేము కషాయం కాచి ఊళ్లో అందరికీ ఊరికే పోద్దామని అనుకుంటున్నాం. సగం మంది వద్దంటున్నారు. తోట బోర్డు ఫోటో కింద పెట్టాను. మీరేమంటారు?

మందులషాపు_మామ: తోట మంచి పని. కషాయం మాత్రం వద్దు. పాతికేళ్లుగా షాపులో కూర్చుంటున్నా కాబట్టి చెబుతున్నా, 1940 నాటి ఔషధాల చట్టం ఆయుర్వేద మందులకీ వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా తయారుచేసి ఇవ్వకూడదు.

వెలిగొండ_గాలి: అమ్మట్లేదు కదా సార్, ఊరికే పోస్తున్నాం.

మందులషాపు_మామ: అందరూ అక్కడే పొరబడతారు. చట్టంలో అమ్మకానికి అని మాత్రమే లేదు, పంచడానికి అని కూడా ఉంది. వైద్యుడు తన దగ్గరికొచ్చిన రోగికి తానే చేసి ఇస్తే దానికి మినహాయింపు. మీలో వైద్యుడెవరు? ఇంకోటి, మీ బోర్డు మీద పొడపత్రి పక్కన "షుగర్ తగ్గును" అని రాశారు. అలాంటి ప్రచారాన్ని 1954 చట్టం నిషేధించింది, ఆ జబ్బుల జాబితాలో షుగర్ ఉంది. ముందు ఆ మాట చెరిపేయండి.

గూడూరు_నిమ్మకాయ: మరి మా అమ్మమ్మ శొంఠి కషాయం ఇస్తే ఆమె మీద కూడా కేసు పెడతారా 😄

నాటుమందే_ముద్దు: ఈ చట్టాలన్నీ పేదోడికే. తమిళనాడులో డెంగీ వస్తే ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే నిలవేంబు కుడినీర్ అనే కషాయం పోస్తారు, అది మన నేలవేమే. వాళ్లకి లేని భయం మనకెందుకు? మా అమ్మకి జ్వరమని ఒక కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకుపోతే ఆరు రోజులకి రెండు లక్షల నలభై వేలు గుంజారు. బిల్లులో గ్లౌజులకే పదకొండు వేలు! నేను పదిహేను సెంట్ల మడి అమ్మి కట్టాను. ఆ బిల్లు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఎవరికన్నా అనుమానం ఉంటే ఫోటో పెడతా.

మందులషాపు_మామ: కుడినీరులో నేలవేము ఒక్కటే ఉండదు, తొమ్మిది దినుసులు పడతాయి, ఏది ఎంతో లెక్క ఉంటుంది. పైగా పోసేది సిద్ధ వైద్యులు ఉండే ప్రభుత్వం. మీ అమ్మగారి బిల్లుకీ దీనికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు.

నాటుమందే_ముద్దు: షాపులో కూర్చున్నోడికి అర్థం కాదులే సామీ.

కావలి_కోడలు: నాకు ఆ బోర్డు చూస్తేనే భయంగా ఉంది. మా మామగారికి పద్నాలుగేళ్ల షుగర్. ఎవరో పొడపత్రి పొడి ఇచ్చి మాత్రలు మానేయమన్నారు. మాకు చెప్పకుండా నాలుగు నెలలు మానేశారు. కాలి వేలికి చిన్న పుండు అయింది, దాని మీద కూడా ఏదో ఆకు నూరి కట్టుకున్నారు. నేను కట్టు విప్పిన రోజు వాసన ఇంకా ముక్కులోనే ఉంది. రెండు వేళ్లు తీసేశారు. కషాయం పోసేవాళ్లు ఎవరూ "మాత్రలు మానకండి" అని బోర్డు మీద రాయరు, అదొక్కటి గమనించండి.

నాటుమందే_ముద్దు: అది ఆకు తప్పు కాదమ్మా, వాడిన పద్ధతి తప్పు.

కావలి_కోడలు: వేళ్లు పోయిన మనిషికి తేడా ఏముందండీ?

పెన్నా_ఇసుక: మళ్లీ కృష్ణపట్నం గోల మొదలు. 2021 మేలో అక్కడ ఆనందయ్య ఇచ్చిన కరోనా నాటుమందుకి జనం ఎగబడ్డారు కదా, చివరికి ప్రభుత్వం మిగతా వాటికి సరే అని కంట్లో వేసే చుక్కలకి మాత్రం అప్పట్లో ఒప్పుకోలేదు.

ఆకుల_పిచ్చి: అందరూ అసలు విషయం వదిలేశారు. ఫోటోలో బోర్డు వెనకాల వేపచెట్టుకి పాకింది తిప్పతీగేనా? నాకు ఆకు కింద నూగు కనిపిస్తోంది. నూగు ఉండేది వేరే జాతి. 2021లో ముంబైలో తిప్పతీగ తాగిన కొందరికి కాలేయం దెబ్బతిందని డాక్టర్లు రాస్తే, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఇదే అడిగింది, తాగింది అదే మొక్క అని తేల్చుకున్నారా అని.

వెలిగొండ_గాలి: అది తిప్పతీగే అన్నా. నూగు కాదు, ఫోన్ కెమెరా అట్లా ఉంది.

ఆకుల_పిచ్చి: ఆకు తిప్పి దగ్గరగా ఇంకో ఫోటో పెట్టండి.

వెలిగొండ_గాలి: పెట్టాను, చూడండి.

ఆకుల_పిచ్చి: ఇది పైవైపు. నేనడిగింది కిందివైపు.

గూడూరు_నిమ్మకాయ: పోసేది నేలవేము కదయ్యా, తిప్పతీగ ఎటుపోతే ఏం!

వెలిగొండ_గాలి: ఒక మంచి పని చేద్దామంటే ఒకాయన కేసు అంటాడు, ఇంకొకాయన నూగు అంటాడు. మీరెవరైనా మీ ఊళ్లో ఒక్క మొక్క నాటారా? మొక్కలు తెలియకుండానే తోట వేశామా? తెలిసినవాళ్లని పెట్టుకునే చేశాం. ఒక్కో తీగ గీరి చూపించి మరీ నాటించారు.

కొండకింది_కుర్రోడు: మూడేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఈ మాటకి రాయాల్సి వచ్చింది. అన్నా, నాదీ మీ ఊరే, చెరువు అవతల యానాది కాలనీ. ఆ "తెలిసినవాళ్లు" మా నాయనమ్మ. తీగని గోటితో గీరి, పైన కాగితం లాంటి పొర లేచి కింద పచ్చగా కనపడితేనే తిప్పతీగ అని మీకు చూపించింది ఆమే. నేలవేము, పొడపత్రి ఆమే కొండెక్కి తెచ్చింది, రెండు రోజులు. రోజుకి మూడు వందల కూలి ఇచ్చారు. బోర్డు కింద 22 పేర్లు రాయించారు, చదివాను. ఆమె పేరు లేదు.

వెలిగొండ_గాలి: తమ్ముడూ, అవి చందా ఇచ్చినవాళ్ల పేర్లు. ఆమెని తక్కువ చేయాలని కాదు. మేం దీని మీద రూపాయి సంపాదించడం లేదు.

కొండకింది_కుర్రోడు: చందా అయిదొందలు. ఆమె తెచ్చిన మొక్కలకి అయిదొందల విలువ కూడా లేదా? డబ్బు అడగట్లేదన్నా. కేరళలో కాణి అనే గిరిజనులు ఆరోగ్యపచ్చ అనే మొక్కని చూపిస్తే, దానితో చేసిన జీవని మందుని 1995లో కంపెనీకి ఇచ్చేటప్పుడు లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్లకే అనుకున్నారు. అంత పెద్ద మాట కూడా వద్దు. మీరు కషాయం పోయాలా వద్దా అని ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్లని అడుగుతున్నారు. ఆమెని అడిగారా? నేనడిగాను. నేలవేము అందరికీ పోసేది కాదంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకి ఇవ్వకూడదంట. ముందు మనిషిని చూస్తుందంట, నాలుక, కళ్లు చూసి, ఏం తిన్నావని అడిగి అప్పుడు ఇస్తుందంట. డేగిసాలో కాచి గ్లాసుల్లో పోయడానికి ఇదేమన్నా పానకమా అని నవ్వింది.

కావలి_కోడలు: ఈ ఒక్క మాట మా మామగారికి పొడి ఇచ్చినోడికి తెలిసుంటే...

మందులషాపు_మామ: నేను చెప్పిందీ అదేగా, వైద్యుడు తన రోగికి ఇవ్వడం వేరని.

కొండకింది_కుర్రోడు: మీరు చెప్పింది లైసెన్సు గురించి సార్. ఆమె దగ్గర ఏ కాగితమూ లేదు. మీ చట్టం ప్రకారం ఆమె కూడా ఇవ్వకూడదేమో.

నాటుమందే_ముద్దు: అద్దీ! అడుగు!

వెలిగొండ_గాలి: రెండు రోజులు ఏం రాయాలో తోచలేదు. మా వాళ్లలో కొందరు "ఆమె కమిటీలో కూర్చోవడమేంది" అన్నారు, ఆ మాట ఎందుకన్నారో ఇక్కడ విప్పి చెప్పక్కర్లేదు. ఈ ఆదివారం కషాయం లేదు. షుగర్ మాట మీద పెయింట్ కొట్టించాను. ఆదివారం పొద్దున మీ ఇంటికొచ్చి ఆమెతో మాట్లాడతాను.

కొండకింది_కుర్రోడు: పొద్దున వద్దన్నా, నిమ్మతోటలో కోతకి పోతుంది. ఆరు దాటాక రండి.

ఆకుల_పిచ్చి: వెళ్లినప్పుడు ఆ ఆకు కూడా తీసుకెళ్లి చూపించండి. కిందివైపు.