పురుగుమందు విషం తగ్గాక మూడో వారంలో పాదాలు వేలాడుతున్నాయి: ఏం చేయాలి?

ప్రశ్న (పీహెచ్‌సీ వైద్యాధికారి): పదహారేళ్ల అబ్బాయి క్లోరిపైరిఫాస్ తాగాడు. విరుగుడు మందులు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్‌తో కోలుకుని ఇంటికెళ్లాడు. మూడో వారంలో పిక్కలు లాగేయడం, అరికాళ్ల తిమ్మిరి మొదలయ్యాయి. ఇప్పుడు చెప్పులు జారిపోతున్నాయి, పాదం ఈడుస్తున్నాడు. అట్రోపిన్ మళ్లీ పెట్టాలా? ఇది జీబీఎస్సా (గిలియన్-బారే సిండ్రోమ్, శరీర రోగనిరోధక శక్తే నరాలను దెబ్బతీసే జబ్బు)?

న్యూరాలజీ నుంచి: అట్రోపిన్ వద్దండి, ఈ దశలో దానికి పని లేదు. ఇది ఓపీఐడీఎన్‌లాగే ఉంది, అంటే ఆర్గనోఫాస్ఫేట్ (క్లోరిపైరిఫాస్ ఈ రకం పురుగుమందే) విషం తర్వాత ఆలస్యంగా వచ్చే నరాల జబ్బు. ఆర్గనోఫాస్ఫేట్ నరాల్లోని న్యూరోపతీ టార్గెట్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్‌కి అతుక్కుని, కొంతసేపటికి విడిపోనంతగా బిగుస్తుంది. దాంతో పొడవాటి ఆక్సాన్లు (నరాల పోగులు) చివరి నుంచి చచ్చుపడతాయి, అందుకే ముందు పాదాలు, తర్వాత చేతులు. రక్తంలో కోలినెస్టరేజ్ (విషం మొదట దెబ్బతీసే ఎంజైమ్) మామూలుకొచ్చినా ఇది ఆగదు. 24–96 గంటల్లో మెడ ఎత్తలేక, ఊపిరాడక వచ్చే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ వేరు.

ఎన్‌సీఎస్‌లో (నరాల్లో విద్యుత్ సంకేతం ఎలా పోతోందో చూసే పరీక్ష) మోటార్ ఆంప్లిట్యూడ్, అంటే కండరం స్పందన పరిమాణం, పడిపోయి సంకేతం వేగం దాదాపు మామూలుగా ఉంటుంది. కానీ జీబీఎస్‌లోనూ ఆక్సాన్ రకం ఉంది కాబట్టి ఆ ఒక్కదానితో తేల్చకండి. తేడా తెలియడానికి వెన్ను నీటిలో ప్రోటీన్ కూడా చూడండి. ముఖం బలహీనపడినా, శ్వాస తగ్గుతున్నా వెంటనే పెద్దాసుపత్రికి పంపండి.

మరో న్యూరాలజిస్ట్: ప్రతిసారీ రిఫ్లెక్సులు (సుత్తితో తడితే కాలు కదిలే స్పందన) రాసి పెట్టండి సార్. మొదట మడమ రిఫ్లెక్స్ పోతుంది. నెలలు గడిచి నరాలు కోలుకుంటుంటే, అప్పటిదాకా మరుగున ఉన్న వెన్నుపాము దెబ్బ బయటపడుతుంది: మోకాలి రిఫ్లెక్స్ ఎగరడం, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం, కాళ్లు బిర్రబిగియడం. అమెరికాలో 1930లో జమైకా జింజర్‌లో (ఆల్కహాల్ ఉన్న అల్లం మందు) కలిసిన టీఓసీపీ అనే ఆర్గనోఫాస్ఫేట్ వల్ల కాళ్లు పడిపోయినవారిలో చాలాకాలం మిగిలింది ఈ బిగుతే. తొలి ఎంఆర్‌ఐ బాగుందని ధీమా పడొద్దు.

ఫిజియోథెరపిస్ట్: ఏఎఫ్‌ఓ (పాదం వేలాడకుండా పట్టి ఉంచే బ్రేసు) ఇప్పుడే వేయించండి. ఎదిగే వయసు, కొన్ని నెలలకే ఆ బ్రేసు ఇరుకవుతుంది, కొలత మళ్లీ తీయాలి. మడమ వెనక స్నాయువును 30 సెకన్ల చొప్పున నాలుగైదుసార్లు, రెండు పూటలా సాగదీయించాలి. స్పర్శ తెలియదు కాబట్టి రోజూ అరికాళ్లలో పుండ్లు వెతకాలి.

కాళ్లకు బిగుతు వచ్చాక డాక్టర్లు దాన్ని తగ్గించే బాక్లోఫెన్ తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. అతిగా పెంచితే నిలబెడుతున్న బిగుతే పోయి కూలబడతాడు, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి: కావాలని తాగి ఉంటే నొప్పి మాత్రలు వారానికి సరిపడానే ఇచ్చి అమ్మానాన్నల దగ్గర తాళంలో పెట్టించండి. పురుగుమందు ఇంట్లో ఉంచనివ్వకండి. ఈ వారమే మానసిక వైద్యుడికి చూపించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇంట్లోవాళ్లకు రాసివ్వండి.