గంగవాయిలి కూరలో ఆ 'వాయిలి' ఏంటి?

నిన్న రైతుబజార్లో గంగవాయిలి కూర అడిగితే, అమ్మే పెద్దమ్మ "పాయల కూరేనా?" అంటూ కట్ట తీసిచ్చింది. మాది కరీంనగర్ వైపు, ఆమెది గుంటూరు వైపట. కూర మాత్రం ఒకటే, ఎర్రటి కాడ, మందంగా నున్నగా ఉండే చిన్న ఆకులు, నేలబారున పాకేది. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఇదే ఆలోచన. గంగ అంటే నీళ్లు, సరే. మరి వాయిలి? వావిలి చెట్టు అనుకుందామంటే అది మనిషెత్తు పొద, ఆకు చేదు, దీనికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

నాకు తోచింది చెప్తున్నా, తప్పయితే తిట్టండి. అసలు మాట పావిలి. కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టు, ఊరు, పల్లె కలిసి ఊరువల్లె అయినట్టు, గంగ పక్కన చేరిన పావిలిలో ప కాస్తా వ అయి గంగవావిలి, అది జనం నోట్లో నలిగి గంగవాయిలి. అటువైపు పావిలే పాయలి, పాయల అయింది. అంటే నేనూ పెద్దమ్మా అన్నది ఒకే మాట!

జవాబు: ప కాస్తా వ అయ్యే ఆ గసడదవల సంధి దాకా ఒప్పుకుంటా అన్నా. కానీ 'గంగ' ఎందుకు? మా డాబా మీద వారం రోజులు నీళ్లు పోయకపోయినా చావలేదు ఇది.

జవాబు: అందుకే తమ్ముడూ! నీళ్లన్నీ లోపలే పెట్టుకుంటుంది, కాడ విరిచి చూడు. నీటికి మరీ కరువైతే పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాన్ని మాలిక్ ఆమ్లం అనే పులుపుగా దాచుకుంటుంది, తెల్లారాక ఎండలో వాడుకుంటుంది. ఎండకు బెట్టగా ఉన్న మొక్క నుంచి పొద్దున్నే ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు నమిలి చూడు, పొద్దుటిది బాగా పుల్లగా ఉంటుంది. ఆ ఆకు పప్పులో వేస్తే చింతపండు కాస్త తగ్గించుకోవచ్చు.

జవాబు: సంస్కృతంలో లోణిక, హిందీలో లోనియా అంటారు, రెండూ ఉప్పు మాటలే. లాటిన్ పేరు పోర్టులాకా అంటే చిన్న తలుపు, కాయ పండాక పైమూత ఊడి నల్లటి గింజలు రాలతాయి కాబట్టి. ఒకరు రుచి చూశారు, ఒకరు కాయ చూశారు.

జవాబు: గింజలు ఎక్కడ దొరుకుతాయండీ?

జవాబు: గింజలెందుకక్కా, కట్టలో నాలుగు ముదురు కాడలు తీసి కుండీలో గుచ్చండి, వేళ్లు వచ్చేస్తాయి. నీళ్లు ఎక్కువైతే మాత్రం కుళ్లిపోతుంది. నేను ఒకసారి కలుపనుకుని పీకి తడి మట్టి మీద కుప్ప వేశా, నాలుగు చినుకులు పడేసరికి ఆ కుప్పే మడి అయి కూర్చుంది. ఒక్క జాగ్రత్త, దొడ్లో దొరికింది కదా అని కోసేయకండి, నానుబాలు జాతివి కొన్ని ఇలాగే నేల మీద పాకుతాయి. తుంచితే తెల్లగా పాలు కారిందంటే అది ఇది కాదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు కూడా తగ్గించి తినాలి, రాళ్లు కట్టడానికి తోడయ్యే ఆక్జలేట్లు దీంట్లో ఎక్కువ.

జవాబు: మా అత్తగారు వింటూ "గంగబాయల కూర అనాలి" అంటున్నారు. ఇప్పుడు ఈ 'బ' ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా మీరే చెప్పాలి అన్నగారూ.