సమస్య: "రాణి దాసియైన రాజ్య మలరె"

నిర్వాహకుడు: ఈసారి ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, పై మూడూ మీరు కట్టాలి. రుద్రమదేవి పరంగా పూరించండి. దాసి అన్నా రాణి స్థాయి తగ్గకూడదు, అదే చిక్కు.

పూరణ 1:

ఓరుగంటి కోట నొప్పు రుద్రమదేవి
ప్రజల మేలు దలచి పగలు రేయి
తనకు సుఖము లేక ధర్మమే సుఖమని
రాణి దాసియైన రాజ్య మలరె.

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. కానీ ఎవరికి దాసి? ముడి అక్కడే ఉంది, మీరు దాన్ని ముట్టుకోలేదు. కోట పేరు, రాణి పేరు మార్చేస్తే ఏ రాజ్యానికైనా అతుకుతుంది ఈ పద్యం. రుద్రమదేవి అని కర్తను చెప్పాక మళ్లీ 'రాణి' రావడంతో అన్వయం తడబడింది.

పూరణ 2:

గద్దె నాకు తండ్రి కట్టబెట్టెను గాని
నిలుపునట్టి వారు నేల దున్ను
కాపు జనమె, వారి కష్టమ్ము నాదంచు
రాణి దాసియైన రాజ్య మలరె.

నిర్వాహకుడు: భేష్! 'అంచు'తో రాణి మాటలు ముగిశాయి, అన్వయానికి ఢోకా లేదు. 'నిలుపు' దగ్గర పద్యానికి బలమొచ్చింది. తండ్రి గణపతిదేవుడు గద్దె ఇచ్చాడు సరే, దాన్ని నిలుపుకోవడమే కష్టం: ఆ తర్వాత దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తాడు, సామంతుడైన కాయస్థ అంబదేవుడే ఎదురు తిరిగాడు. 'నాకుఁ దండ్రి' అని సరళాదేశం ('త'ను 'ద'గా మార్చడం) చేయండి.

ఒక సభ్యుడు: గద్దె నిలిపింది నాయంకర సేనలు (ఊళ్లు పొంది రాజుకు సైన్యం సమకూర్చే నాయకుల దళాలు) కదా, కాపులంటారేమిటి?

పూరణ 2 కవి: ఆ నాయకులకిచ్చిన ఊళ్ల ఆదాయం నాగలి నుంచే కదండీ వచ్చేది!

పూరణ 3:

మందడంబు నిచ్చె మఠమున కారోగ్య
శాల, పురిటిశాల, చదువుశాల
వెలయ నచట, తల్లి వేదన దెలిసిన
రాణి దాసియైన రాజ్య మలరె.

నిర్వాహకుడు: మల్కాపురం శాసనం (1261) పట్టుకున్నారు, సంతోషం. గురువు విశ్వేశ్వర శివాచార్యులకు తండ్రి మాటిచ్చిన మందడం ఊరిని రుద్రమ ధారపోసింది. అయితే 'ఇచ్చె' అనగానే దాత కనిపించింది గానీ దాసి కాదు. శాలలు మూడూ వరసపెట్టేసరికి జాబితా చదివినట్టుంది. అక్కడి సత్రంలో చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని అదే శాసనం చెబుతోంది. అంత మంచి సంగతి వదిలేశారేం?

పూరణ 3 కవి: మార్చాను, చూడండి.

అన్నమడుగు వాని యంతరం బెంచక,
పురిటి నొప్పి పడెడు పొలతి కొఱకు
శాల లెత్తి వారి సాకుచుండెడి మహా
రాణి దాసియైన రాజ్య మలరె.

మరో సభ్యురాలు: 'మహా'ను పై పాదం చివర పెట్టి సమస్యనే మహారాణిని చేశారు, భలే! సాకడం దాది పని కాబట్టి దాసి కూడా దొరికింది. మందడం పేరు పోవడమొక్కటే నాకు లోటు.

నిర్వాహకుడు: నా ఓటు మాత్రం ఇంకా రెండోదానికే. ఇందులో రాణి గురించి కవి చెబుతున్నాడు, అందులో రాణే మాట్లాడుతోంది. కందంలో ఎవరైనా ప్రయత్నిస్తారా? పాదం మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు.