పెంజీకటి కవ్వల... ఆ తర్వాత?

నల్లకుంట: ఆదివారం మా అమ్మాయిని నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియంకు తీసుకువెళ్లాను. కొండ దిగుతుంటే ఫోనులో ఎం87 గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలం ఫోటో చూపించింది. నారింజ రంగు వలయం, కింది వైపు కాస్త మందంగా, మధ్యలో కాటుక. చటుక్కున పోతన భాగవతం గజేంద్రమోక్షంలోని ‘అలోకంబగు పెనుచీకటి కవ్వల’ అని నోటికి వచ్చింది. ఆ పైన ఎంత తడుముకున్నా రాలేదు. ‘ఎవ్వడు నేకాకృతి వెలుగు’ అనేనా? ఇక్కడ ‘అవ్వల’ అంటే చీకటికి వెనకా, వెలుపలా?

బర్కత్‌పుర: ముందు ఆ ‘పెను’ తీసేయండి. రెండో పాదం ‘పెం’ దగ్గర ఆగి, మూడోది ‘జీకటి’తో ఎత్తుకుంటుంది. కందంలో రెండో పాదం చివర గురువు ఉండాలి. ‘బగు పెను’ అంటే నాలుగూ లఘువులే.

తార్నాక: ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని, ఫోటో సంగతి చెబుతాను. ఎం87 కన్యారాశి వైపున్న గెలాక్సీల గుంపులో మహా దీర్ఘవృత్తాకార గెలాక్సీ. పేరు దీర్ఘవృత్తమే కానీ చూపుకు దాదాపు బంతి. దూరం సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాలు. బిలం బరువు 650 కోట్ల సూర్యులంత. 2019 ఏప్రిల్ 10న ఆ ఫోటో బయటపెట్టారు. వలయంలో కనిపించే వెలుగులో కొంత బిలానికి వెనకనున్న వాయువుది. గురుత్వాకర్షణ దాన్ని వంచి మన వైపు తిప్పుతుంది. కాబట్టి ‘అవ్వల’ అంటే వెనక అనే నా ఓటు.

విద్యానగర్: మన్నించాలి మాస్టారూ. సంస్కృత మూలంలో ‘తమస్తదాసీద్గహనం గభీరం యస్తస్య పారే’ అని ఉంది. పారమంటే ఆవలి ఒడ్డు. మీ వెలుగు చీకటిని దాటలేదు, చుట్టు తిరిగి వచ్చింది.

తార్నాక: మూసీ ఆవలివాడు నీళ్లలో దిగకుండా చాదర్‌ఘాట్ వంతెన మీదుగా వస్తే ఆవలివాడు కాకుండా పోతాడా?

కూకట్‌పల్లి: నా గొడవ వేరు. ప్రతి గెలాక్సీనీ పాలపుంత అనేస్తున్నారు. పుంత అంటే పొలాల మధ్య బండ్ల బాట. మన గెలాక్సీ పళ్లెంలా ఉంది, మనం ఆ పళ్లెంలోనే కూర్చుని చూస్తున్నాం గనుక బాటలా కనిపిస్తుంది. ఎం87లో పళ్లెమే లేదు, ఎటు చూసినా ముసలి నక్షత్రాలే. ఇక పుంత ఎక్కడిది?

బర్కత్‌పుర: బాగా చెప్పారు. పద్యానికి వద్దాం. మూలంలో ఉన్నది ‘విభుః’ మాత్రమే, ‘ఏకాకృతి’ పోతనది. ప్రాస కోసం తెచ్చాడనేవారున్నారు, నేను ఒప్పుకోను. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని మూడు బహువచనాలు పేర్చి, మూడూ తెగాక ‘ఏక’ అన్నాడు. బమ్మెర మట్టిలో పుట్టిన పొదుపు అది.

ఎల్బీ నగర్: మాది కడప జిల్లా. ఒంటిమిట్టవాళ్లం కూడా ఇక్కడ ఉన్నామండీ.

బర్కత్‌పుర: పోతన ఊరు ఏదనే ఆ పేచీ మొదలుపెడితే తెల్లవారుతుంది. అసలు పొరపాటు ‘ఎవ్వడు నేకాకృతి’లో ఉంది. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం, నడుమ నకారం రాదు. ‘నెవ్వం / డేకాకృతి’ అనే చదవాలి.

ఎల్బీ నగర్: గణాలకు రెండూ సరిపోతాయి. మా తాతగారు ‘నెవ్వడు నేకాకృతి’ అనే చదివేవారు. యతి కూడా కుదురుతుంది: నేకాకృతి, నే సేవింతున్.

బర్కత్‌పుర: తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, చివరి ‘నే’ నకారం కాదు. అతనిన్, ఏ సేవింతున్. ‘ఏ’ అంటే నేను. ఏకాకృతిలోని ఏకారానికి దీని ఏకారంతో స్వరయతి.

విద్యానగర్: ‘అతని, నే’ అని విడగొట్టినా ‘నేను’ అనే అర్థమే వస్తుంది. అప్పుడు ‘డే’కి ‘నే’తో యతి ఎలా?

బర్కత్‌పుర: ముందున్న సున్న చూడండి. ‘ండ’కు ణకారంతో, ణకారానికి నకారంతో చెల్లుతుంది. చెల్లినా నాది స్వరయతే.

నల్లకుంట: ‘అవ్వల’ సంగతి ఏమైంది?

తార్నాక: అది వెనకేనమ్మా.

విద్యానగర్: ఆవలి ఒడ్డు.