అప్‌డేట్: డర్క్ పిట్ నవలలను ఏ వరుసలో చదవాలన్న నా ప్రశ్నకు దొరికిన జవాబు

అమెరికన్ రచయిత క్లైవ్ కస్లర్ రాసిన, డర్క్ పిట్ అనే కథానాయకుడి సాహస నవలలను ఏ వరుసలో చదవాలని మా నాన్నగారి కోసం మూడు నెలల క్రితం అడిగాను. ఓపికగా బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అచ్చయిన వరుసలోనే చదవాలన్న మాట విని 1973 నాటి తొలి నవల తెచ్చాను. నాన్నగారు సగంలోనే పక్కన పెట్టేశారు. ఫలించింది 1976 నాటి ‘రెయిజ్ ద టైటానిక్!’తో మొదలుపెట్టమన్న సలహా. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో దాని పాత ప్రతి దొరికింది. 1985లో అసలు ఓడ రెండు ముక్కలై సముద్రగర్భంలో కనబడింది కనుక, దాన్ని మొత్తంగా పైకి తేల్చే కథ ఇప్పుడు రుచించదేమోనని సందేహించాను గాని, రచనాకాలానికి ఆ సంగతి ఇంకా బయటపడలేదని చెప్పగానే ఆయన మరింత ఆసక్తిగా చదివారు.

అన్నిటికన్నా ముందే రాసినా 1983లో వెలువడిన ‘పసిఫిక్ వోర్టెక్స్!’ ఎక్కడ చదవాలన్న నా బెంగ అనవసరమని తేలింది; ఏ నవలకానవల పూర్తి కథే. అయితే 2001 నాటి ‘వల్హల్లా రైజింగ్’ చివర పిట్ పిల్లలు ప్రవేశిస్తారు కాబట్టి, 2004 నుంచి కస్లర్ తన కుమారుడితో కలిసి రాసినవి దాని తరువాతే చదవడం మంచిది.

నాన్నగారు ఇప్పుడు ‘సహారా’ చదువుతున్నారు.